ఆవుల గేటు

రైల్వే కాలనీ, కిరందుల్
నవంబరు 3, 1997

ప్రియమైన అన్నయ్యకి,

ఒళ్ళు మండిపోతోంది, క్షేమసమాచారాలు తర్వాత. నిన్న సాయంత్రం గని టౌన్‌షిప్ వాళ్ళ కొత్త పార్కులో నీ మేనకోడలు పైడితల్లి జారుడుబల్ల మీంచి పడింది. ముక్కు నుంచి రక్తం. నేను గేటు బయట నా మూడు చక్రాల బండిలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ఆవులు దూరకుండా ఇనప పైపులతో వంకర గేటు పెట్టారు. మనిషైతే నడుము తిప్పుకుని లోపలికి పోతాడు. నా బండి ముందు చక్రం పైపుల మధ్య ఇరుక్కుంది. అది "అమ్మా" అని ఏడుస్తుంటే కాపలా సోమారు వెళ్ళి ఎత్తుకొచ్చాడు. కన్నతల్లిని నేను, చేతులు చాచుకుని గేటు ఇవతల!

పార్కు సూపర్‌వైజర్ని నిలదీస్తే, "గేటు తీసేస్తే గాయ్ ఘుస్ జాయేగీ, దీదీ" అన్నాడు, ఆవు దూరుతుందట. అంటే ఆవూ నేనూ వాడికి ఒకటే.

నీ చెల్లెలు
తాతమ్మ

విశాఖపట్నం
నవంబరు 10

చిరంజీవి తాతమ్మకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మీ వదిన ఏడ్చింది. పిల్లకి తగ్గిందా? మా కాలనీ పార్కుకీ అలాంటి గేటే, నేనే వెల్డింగ్ చేశాను. లేకపోతే పశువులు ఆగవమ్మా. ఆ పార్కు గని వాళ్ళది. మన రైల్వే పిల్లల్ని దయతలచి రానిస్తున్నారు. గొడవ పడితే అదీ పోతుంది, బావకి మాట వస్తుంది. చిన్నప్పుడు పోలియో వచ్చిన దగ్గర్నుంచి ఎన్ని ఓర్చుకున్నావు! ఇదీ ఓర్చుకో. బయట కూర్చుని చూసుకో, చాలదా?

నీ మేలు కోరే
నూకరాజు

కిరందుల్
నవంబరు 16

అన్నయ్యా,

ఈసారి "ప్రియమైన" అని రాయబుద్ధి కావడం లేదు. చాలదా అని అడిగావు. చాలదు!

ఇంకో సంగతి విను. పార్కు వెనక ఎడ్లబండి పట్టేంత గేటు ఉంది. రోజూ పొద్దున్నే దాని తాళం తీస్తారు. ఎవరికనుకున్నావు? సూపర్‌వైజర్ గారి ఆవుకి! పచ్చికంతా మేసి పోతుంది మహాలక్ష్మి. సోమారు పెళ్ళాం గంగే నోరుజారి చెప్పింది. ఆవు వస్తుందని నన్ను ఆపి, ఆవుకి తలుపు తీస్తాడా? వాడి దుంపతెగ!

మీ బావతో చెప్పాను. "నీ ఇష్టం. మాటొస్తే నాను పడతాను" అన్నారు. రేపు ఆ ఆవు వెనకే వెళ్తున్నాను.

తాతమ్మ

పార్కులోంచి
నవంబరు 17

ప్రియమైన అన్నయ్యకి,

లోపలే ఉన్నాను. ఆవు ముందు, నేను వెనక. సోమారు చూసి కూడా మొహం అటు తిప్పుకున్నాడు, మంచివాడు. పైడిని ఉయ్యాల ఎక్కించి నా చేత్తో ఊపాను. ఏడుపొచ్చింది.

సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి, రోజూ వెనక గేటు తీయిస్తాను, అలాగే వచ్చిపొమ్మన్నాడు. వెనక గేటట! "ఆవు దారిన వచ్చాను, మనుషుల దారినే పోతాను" అన్నాను. కదల్లేదు. మధ్యాహ్నానికి కాలనీ ఆడవాళ్ళు కేరేజీలు పట్టుకుని వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. పక్కింటి నూకమ్మ అరిచిన అరుపు ఊరంతా వినిపించి ఉంటుంది: "ఏటి బాబూ, ఆవుకున్న పాటి ఇలవ మనిసికి నేదా?" గని పెద్ద సాహెబు జీపులో వచ్చి, ఆ ఆవు ఎవరిదని అడిగాడు. సూపర్‌వైజర్ గేటు కోసేవాణ్ణి పిలవడానికి పరుగెత్తాడు.

ఇప్పుడు ముందు గేటు కోస్తున్నారు. ఆ చప్పుడులోనే ఇది రాస్తున్నాను. మీ బావ రాత్రి గూడ్సుకి గార్డుగా వస్తున్నారు, ఉత్తరం ఆయనే నీ చేతికిస్తారు.

మీ పార్కు గేటు నువ్వే చేశానన్నావు కదా. కోసెయ్. వచ్చే నెల పైడిని తీసుకుని వస్తున్నాను.

నీ చెల్లెలు
తాతమ్మ