ఆఖరి ద్రాక్షరసం సీసా

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కర్మన్‌ఘాట్ తోటను బాపు ప్లాట్లకు అమ్మేశాడు. మన ఇల్లొక్కటే మిగిలింది. ద్రాక్ష పందిళ్ల రాళ్లే ఇప్పుడు హద్దురాళ్లు. భూమి అమ్మకూడదని సంఘంవాళ్ల కరపత్రాల్లో చదివిందంతా బాపుకు అరిచి చెప్పాను.

"బాయి ఎండింది. నీ కాగితాలు పిండితే తోటకు నీళ్లొస్తయారా?" అన్నాడు బాపు.

నువ్వు కాచి, వడకట్టి పోసిన రసం ఒక్క సీసా మిగిలింది. బిరడా చుట్టూ మైనం, మైనం మీద నీ బొటనవేలి గుర్తు. దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఎదుటి ప్లాటు కొన్న గుంటూరావిడ వచ్చి మంచినీళ్లడిగింది. నేను మొహం తిప్పుకున్నాను. అమ్మ ఆ సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తోటకొచ్చినోళ్లకు రసమే ఇయ్యాలె అంటుండె గదరా మీ అక్క. తియ్యి."

"ఇప్పుడు తోటేడున్నదమ్మా?"

"వచ్చినోళ్లయితే ఉన్నరు గద."

మైనాన్ని గోటితో గీకాను. పొడిపొడిగా రాలిపోయింది. రసం పాడవలేదు.

ఆవిడ గ్లాసంతా తాగింది. పోయినేడాది రసమని అమ్మ చెప్పింది. "పోయినేడాదిదా? పులవకుండా ఎలా నిలవుంచారు బాబూ? మా పిల్లలకీ చేసిపెడతాను, కాస్త చెబుతావా?" అంది.

నాకు తెలియదు. అమ్మకూ తెలియదు.

"మా అక్కనడిగి చెప్తా" అన్నాను.

అమ్మ నా వైపు చూసి, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

ఆవిడ ఆదివారం మళ్లీ వస్తుంది. కిలో పండ్లకు చక్కెర ఎంత వేసేదానివక్కా?