సున్నంతో గీసిన నాగావళి

8 నవంబరు 1976, రాయగడ

పుస్తకం ఒక్కటి, పిల్లలు ముప్ఫై ఒక్కమంది. కొండవాగులో పుట్టిన చేప సముద్రం దాకా వెళ్లే బొమ్మల కథ. ఈ నెలంతా అన్ని పాఠాలూ దీన్నుంచే చెబుతాను. పొద్దున పేజీకెన్ని చేపలో లెక్కపెట్టించి కూడికలు చేయించాను. మధ్యాహ్నం సైన్సుకి చేపలబజారు నుంచి రెండు పరిగెలు తెప్పించి మొప్పలు చూపించాను. హెడ్మాస్టరు అమృతరావుగారు ముక్కు మూసుకుని వెళ్లిపోయారు. ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా నా పోస్టు టెంపరరీ అని గుర్తుచేయడం మాత్రం మరిచిపోలేదు.

11 నవంబరు

జాగ్రఫీకి మన నాగావళి. క్లాసు నేల మీద గీయమంటే అందరూ వంకరటింకరగా గీశారు. అప్పుడు చిలకమ్మ లేచింది. మున్సిపాలిటీ స్వీపరు అసిరయ్య కూతురు. జూన్ నుంచి నోరు విప్పని పిల్ల. ఇంటికి పరుగెత్తి తండ్రి సున్నం బకెట్టు తెచ్చింది. ఆఫీసర్లు వస్తే రోడ్డు పక్కన సున్నం గీతలు వేయడం ఆయన పని. ఆ చెయ్యి కూతురికీ వచ్చింది. పిడికిట్లోంచి సున్నం వదులుతూ రాయగడ నుంచి శ్రీకాకుళం మీదుగా సముద్రం దాకా ఒకటే గీత లాగింది. అంటుకోవాలని పైన నీళ్లు చిలకరించింది. నది చివర వేలు పెట్టి, "మా అమ్మమ్మ ఈడే ఉంటాది, టీచరమ్మా" అంది. నాకు ఏడుపొచ్చింది.

12 నవంబరు

నదిని ఎవరూ తొక్కడం లేదు. దాటుతున్నారు.

17 నవంబరు

ఎల్లుండి ఇన్‌స్పెక్షన్. స్వీపర్ల పిల్లలను ఆ రోజు రానివ్వొద్దన్నారు అమృతరావుగారు. ప్రతి ఏడూ అంతేనట. ఆదివారం చర్చిలో ఆయనా నేనూ ఒకే వరసలో మోకరిస్తాం. అయినా నేను కాదనలేదు. ఎల్లుండి ఇంట్లో ఉండమ్మీ అని చిలకమ్మకి నేనే చెప్పాను. వచ్చినవాళ్లు నదిని చూస్తారా అని అడిగింది. చూస్తారన్నాను.

19 నవంబరు, సాయంత్రం

ఇన్‌స్పెక్టరు నది ఒడ్డునే కుర్చీ వేయించుకున్నాడు. ఎవరు గీశారని ఒడియాలో అడిగాడు. పిల్లలంతా నా వైపు చూశారు. నేనే సార్ అన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు.

కిటికీ బయట చిలకమ్మ నిలబడి ఉంది. గేటు దగ్గర సున్నం గీతలు వేయడానికి తండ్రితో వచ్చిందట. ఒడియా దానికి నాకన్నా బాగా వచ్చు.

24 నవంబరు

నాలుగు రోజులుగా బడికి రాలేదు. వాళ్ల పేటకి వెళ్లాను. తల్లి కుంతి పీట వేసింది, టీ ఇచ్చింది, కోపపడలేదు. ఇక రానంటోందమ్మా, నాతో ఊడ్చే పనికి వస్తాదట అంది. చిలకమ్మ లోపలి నుంచి బయటికి రాలేదు. బొమ్మల పుస్తకం గడపలో పెట్టి వచ్చాను. సిగ్గులేకుండా టీ కూడా తాగాను.

25 నవంబరు

పుస్తకం నా టేబుల్ మీద ఉంది. తుడిచి మరీ పెట్టారు.

2 డిసెంబరు

మిస్ దేవకుమారి అని నా పేరున కన్ఫర్మేషన్ ఆర్డరు వచ్చింది.

క్లాసు కడగడానికి కుంతి వెంట చిలకమ్మ వచ్చింది. సముద్రం దగ్గర మొదలుపెట్టి, నదిని కడుక్కుంటూ నా కుర్చీ దాకా వచ్చింది.

"కాళ్లు తియ్యండి, అమ్మగోరూ" అంది.

తీశాను.