కొబ్బరుండ వద్దన్న ఎలుకలు

పెనాంగ్, మంగళవారం

అమ్మాయి డాక్టర్ ఖూకి, ఎలుకల గది చూసుకునే సౌదా పిన్ని సలాములు.

నువ్వు ప్రయోగశాలకి వచ్చేసరికి నేను ఇంటికి పోతాను కనుక ఈ ఉత్తరం. నీలం చీటీ పెట్టెల్లోని లావు ఎలుకలు మూడు రోజులుగా తిండి సరిగా ముట్టడం లేదు. ఆ ఎండు బిళ్లలు నేనైనా తినను. ఏం చెయ్యమంటావు?

మీ పిన్ని

తా.క. తెల్లచీటీవి మాత్రం మా అల్లుడిలా మేస్తున్నాయి.

బుధవారం

పిన్నిగారికి నమస్కారం.

తినకపోవడమే కావాలండీ! ఆకలి కబురు అందుకునే గుమ్మం ఒకటి ఒంట్లో ఉంటుంది. నీలం చీటీవాటికిచ్చిన నలభై ఏడో మందు ఆ గుమ్మానికి అడ్డంగా కూర్చుంటుంది. కబురు లోపలికి పోదు. తెల్లచీటీవాటికి మందు లేదు, అందుకే మేస్తున్నాయి. ఒళ్లు తగ్గుతుంది, షుగరూ తగ్గుతుంది. మా డైరెక్టరేమో "మందు గొప్పా, తిండి చెత్తా? రుచైనది పెడితే ఆగుతాయా?" అంటున్నారు. శుక్రవారం సమావేశంలోగా తేల్చకపోతే నా నాలుగేళ్ల పని బుట్టదాఖలే.

మీ ఖూ సియూ ఇమ్

తా.క. జాలిపడి వేరే ఏమీ పెట్టకండి.

గురువారం

డాక్టరమ్మకి,

ఇది నా రాజీనామా. నీ ఉత్తరం అందేలోపే, బెల్లం పాకం నింపి కొబ్బరికోరులో దొర్లించిన ఒండే-ఒండే ఉండలు అన్ని పెట్టెల్లోనూ వేశాను. తెల్లచీటీవి కొట్టుకుని తిన్నాయి. నీలం చీటీవి వాసన చూసి మొహం తిప్పుకున్నాయి! నలభై ఏళ్లలో నా చేతి ఉండని వద్దన్న ప్రాణి లేదు. పోట్లాడి మూడు రోజులు మాట్లాడని మా ఆయన కూడా తిన్నాడు. ఎలుకల చేత ఇంత అవమానం పడి ఉండలేను.

సౌదా

తా.క. మావాళ్లలో పెట్టింది వద్దంటే అరిష్టం, కనీసం తాకాలి కదా. అందుకని ఒక్కోదాని ముందుకాలు పట్టుకుని పాకంలో తాకించాను. కాలైనా నాకలేదు, రంపపుపొట్టుకి తుడుచుకున్నాయి!

శుక్రవారం

పిన్నీ,

మీ రాజీనామా సమావేశంలో చదివాను. నియమం తప్పినందుకు డైరెక్టర్ మండిపడ్డారు. తాజా కలం విన్నాక మాత్రం "కాలికంటిన బెల్లం కూడా నాకలేదా?" అని లేచి నిలబడ్డారు. మందు బతికింది! సోమవారం ఇదే పరీక్ష మళ్లీ, ఈసారి తూచి, రాసుకుని. ఉండలు మీరే చెయ్యాలి. నాకు ఏడుపొచ్చేసింది పిన్నీ.

మీ సియూ ఇమ్

తా.క. సాక్ష్యానికని మీ ఉండల డబ్బా బల్లమీద పెట్టాను. సమావేశం అయ్యేసరికి ఖాళీ. మా పెద్దలెవరూ మందు వేసుకోలేదని రూఢి అయింది.

శనివారం

అమ్మాయికి దీవెనలు.

వస్తాను. లేత కొబ్బరి తెప్పించు. నీ శ్రమ నిలిచినందుకు నా అవమానం మరిచిపోయాను.

మీ పిన్ని

తా.క. ఎవరికీ చెప్పలేదు, నాకూ షుగరే. నా ఉండ నేను నోట్లో వేసుకుని ఆరేళ్లయింది. వద్దనిపించే మందు నీకు దొరికింది. ఒక్కటి తిననిచ్చేది కూడా చూడు తల్లీ, కాస్త తొందరగా.