తలవైపు రెండు ఇటుకలు

రుక్కూ,

నిన్న రాత్రి చిట్టి నోరు మూసుకొని నిద్రపోయింది. లాంతరు తగ్గించినప్పటి నుంచి పత్తి మిల్లు పొద్దుటి కూత కూసేదాకా ఒక్కసారి కూడా లేవలేదు. ముందు నీకు ఈ మాట చెప్పాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

నువ్వు ఈ లోకం నుంచి వెళ్ళిపోయి ఎనిమిది నెలలు దాటింది. ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. రాయడానికి ఏముంది... రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారింది. మా పత్రికాఫీసులో అందరికీ అదే ధ్యాస. నేను మాత్రం ప్రొద్దుటూరులోనే, మిల్లు వెనక సందులో, అదే ఇంట్లో ఉన్నాను. పగలు చిట్టిని పక్కింటి ఖాసింబీ చూసుకుంటుంది. సాయంత్రం వార్తల కవరు బస్సు డ్రైవరు చేతికిచ్చి నేను ఇంటికొస్తాను.

చలి మొదలైన దగ్గర్నుంచి చిట్టికి ముక్కుదిబ్బడ. జ్వరం లేదు, దగ్గు లేదు. పగలంతా ఆడుకుంటుంది. పడుకుంటే చాలు, ముక్కు బిగుసుకుపోతుంది. నోటితో గాలి పీలుస్తుంది, గొంతు ఎండిపోతుంది, లేచి కూర్చుని ఏడుస్తుంది. మళ్ళీ పడుకోబెడితే మళ్ళీ అంతే.

బిడ్డకు ఇది ప్రతి చలికాలమూ వచ్చేదేనని ఖాసింబీ చెప్పింది. మరి పోయినేడు నాకెందుకు తెలియలేదు? నేను వసారాలో రాసుకుంటూ అక్కడే నిద్రపోయేవాణ్ణి. మీరిద్దరూ లోపలి గదిలో ఉండేవాళ్ళు. నాకు ఏడుపు వినిపించిన గుర్తే లేదు.

పులివెందుల నుంచి అత్త వచ్చి నెల రోజులుంది. తనకు తెలిసినదంతా చేసింది. గాలి తగలకూడదని కిటికీకి గోనెపట్ట కట్టింది. సందెవేళ తలుపులన్నీ మూసి సాంబ్రాణి పొగ వేసింది. పొగ ఎంత చిక్కగా ఉంటే జలుబు అంత తొందరగా కరుగుతుందని ఆమె నమ్మకం. మన వైపు ఏ ఇంట్లోనైనా అదే చేస్తారు కదా, పొయ్యిలోంచి నిప్పులు తీసిచ్చింది నేనే. పొగ వేసిన రాత్రే బిడ్డ ఎక్కువ ఏడ్చేది. పొగ చాల్లేదని మరునాడు అత్త ఇంకో గుప్పెడు వేసేది.

ఒకసారి నువ్వు గోడ మీదుగా ఖాసింబీని ఎగతాళి చేశావు, గుర్తుందా? "పొగ బెడితే దోమలు పోతాయి గానీ జలుబు యాడికి పోతాది అక్కా? అది ఈడనే కూసోని దగ్గుతాది." వసారాలో ఉన్న నేనూ నవ్వాను. ఆ మాట నాకు సమయానికి గుర్తు రాలేదు.

వెళ్ళేరోజు అత్త బిడ్డ కళ్ళ కింద నలుపు చూపించింది. ఆడదిక్కు లేని ఇంట్లో పసిది ఎట్లా నిద్రపోతుందని అడిగింది. శివరాత్రిలోపు రాత్రులు కుదుటపడకపోతే తనతో తీసుకుపోతానంది. అక్కడైతే పెద్ద ఇల్లు, చేతులు మార్చి ఎత్తుకోవడానికి నలుగురు ఆడవాళ్ళు. చిట్టి అప్పుడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకొని కూర్చున్నచోటే తూగుతోంది. అది చూస్తూ ఆమె మాట తప్పని ఎట్లా అనేది?

కానీ రుక్కూ, చిట్టి కూడా వెళ్ళిపోతే ఈ ఇంటికి తాళం వేయాల్సిన అవసరం కూడా ఉండదు.

మొన్న జమ్మలమడుగులో పని పడితే చిట్టిని వెంట తీసుకుపోయాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఛాతీ, చెవులు, గొంతు చూసి భయం లేదంది. నీళ్ళు కాచి, చిటికెడు ఉప్పు వేసి, పూర్తిగా చల్లారాక పడుకునే ముందు ముక్కులో చుక్కలు వేయమంది. మంచం తలవైపు కొంచెం ఎత్తు చేయమంది. గదిలోకి గాలి రానిచ్చి, పొగ మానమంది. ఊపిరికి ఆయాసపడినా, జ్వరం వచ్చినా వెంటనే తీసుకురమ్మంది. నేను రాసుకుంటుంటే ఆమె చిట్టి ముఖం మళ్ళీ చూసింది. ఇవన్నీ పోయినేడు ఈ పిల్ల వాళ్ళమ్మకు చెప్పాను కదా, అంది.

నువ్వు ఆ ఆసుపత్రికి ఎప్పుడు పోయావు? ఆ దారిలోని గండికోట చూసొస్తామని చిట్టిని ఎత్తుకొని మీ చెల్లెలితో బయల్దేరిన రోజేనా? ఆ సాయంత్రం కోట గురించి నువ్వు ఒక్క ముక్క కూడా చెప్పలేదు...

నిన్న సాయంత్రం మంచం గోడ దగ్గర్నుంచి జరిపాను. తలవైపు రెండు మంచంకోళ్ళకు మాత్రమే అడుగున ఎర్రటి గుర్తులున్నాయి. కాళ్ళవైపు కోళ్ళకు లేవు. రోజూ చూసే మంచమే. పెరట్లో వెతికితే నీళ్ళ తొట్టి పక్కన రెండు ఇటుకలు దొరికాయి, కోళ్ళు దిగబడి ఒక్కోదాని మధ్య చిన్న గుంట. ఇల్లు సర్దేటప్పుడు అత్త వాటిని బయట పెట్టి ఉంటుంది. తెచ్చి కోళ్ళ కింద పెట్టాను. గుంటలో కోడు సరిగ్గా కూర్చుంది.

ఆ తర్వాత జరిగింది జరిగినట్టు రాస్తాను. నేను వార్త చదివి వినిపించినప్పుడల్లా నువ్వు అనేదానివి కదా, "నువ్వు కండ్లారా చూసింది చెప్పు మామా, కడమది నాకొద్దు" అని.

ఇటుకలు చూడగానే చిట్టి ఆడుతున్న బొమ్మను వదిలేసింది. నేరుగా కిటికీ దగ్గరికి పోయి గోనెపట్ట పట్టుకొని లాగింది. నేను విప్పేశాను. ఉప్పునీళ్ళ గిన్నె తెచ్చి మంచం మీద కూర్చున్నాను. ఎట్లా పడుకోబెట్టాలా అని ఆలోచిస్తుండగానే అది నా ఒళ్ళోకెక్కి అడ్డంగా పడుకుంది. తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుంది. నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. ఒకవైపు చుక్కలు పడగానే తానే తల తిప్పింది, రెండోవైపు కోసం.

లేచి కూర్చుంది. పెదవులు బిగించి, ముక్కుతో తుమ్మెదలాగా సన్నగా రాగం తీసింది. సగంలో ఆగిపోయింది. కాదన్నట్టు తలూపి, మళ్ళీ ఒళ్ళో పడుకొని గడ్డం ఎత్తింది. మళ్ళీ వేశాను. మళ్ళీ రాగం తీసింది. ఈసారి అది ఎక్కడా తెగకుండా చివరిదాకా సాగింది.

"ఇంగ పండుకుందాం నాయనా" అంది.

ముక్కు తెరుచుకుందో లేదో తెలుసుకోవడానికి నువ్వు పెట్టిన పరీక్ష కదా అది?

పెన్న వరదల్లో ఊళ్ళు మునగడం చూశాను. కొత్త రాష్ట్రం పుట్టిన రోజు జనాన్ని చూశాను. వాటి గురించి రాయడానికి మాటల కోసం తడుముకోలేదు. నిన్న రాత్రి మాత్రం ఖాళీ గిన్నె పట్టుకొని ఊరికే కూర్చుండిపోయాను. పొద్దున ఏం తిన్నావంటే చెప్పలేని పిల్ల అది. ఐదో ఏడు నడుస్తోంది. నీ ముఖం దానికి ఎంత గుర్తుందో నాకు తెలియదు, అడగడానికి ధైర్యం లేదు. కానీ నువ్వు చేసిన పని మొత్తం, వరుస తప్పకుండా, దాని ఒంట్లో ఉంది. ఇన్నాళ్ళూ మేం ఏదీ నీలాగా చేయలేదు. పాపం, అది మాత్రం ఏం చూపిస్తుంది?

అది కిటికీవైపు తిరిగి పడుకుంది. ఊపిరి విన్నాను. లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. అడ్డం లేదు, గురక లేదు. ఇంత చిన్న చప్పుడు కోసం నువ్వు ఎన్ని రాత్రులు కూర్చున్నావు?

ఒక్క రాత్రే. దీన్ని రుజువు అనను. చలి ఇంకా ఉంది, ముక్కు మళ్ళీ మూసుకోవచ్చు.

ఈ సాయంత్రం పులివెందుల బస్సులో అత్త వస్తోంది. చిట్టి బట్టలు సర్దిపెట్టమని ముందే కబురు చేసింది. నేను సర్దలేదు. ఇటుకలు తీయలేదు. మధ్యాహ్నమే నీళ్ళు కాచి, ఉప్పు వేసి, మూతపెట్టి ఉంచాను. ఈ రాత్రి లోపలి గదిలో బిడ్డ పక్కన అత్త పడుకుంటుంది, నేను వసారాలో ఉంటాను. ముక్కులో చుక్కలు వేయమని గిన్నె ఆమె చేతికిస్తాను, అంతకుమించి వాదించను. చిట్టి ఒళ్ళోకెక్కి తల వెనక్కి వాల్చి గడ్డం ఎత్తినప్పుడు, అది ఎవరు నేర్పిన పనో ఆమెకే తెలుస్తుంది. నిన్ను కన్న తల్లి కదా.

బస్సు ఐదు గంటలకు. స్టాండుకు బయల్దేరుతున్నాను.

నీ
మామ