ఎడమ కాలు ముందు

కొల్లాపూర్, 3 ఫిబ్రవరి 1974

ప్రియమైన ఏసోబుకు,

నా జ్ఞాపకాల పుస్తకం చివరికొచ్చింది. అబద్ధాలతో పేరు తెచ్చుకున్న నాయకులను ఎవర్నీ వదల్లేదు. మిగిలింది నీ పేజీ. పోలీసు చర్య తర్వాత మిలిటరీ వాళ్ళు పానగల్ పక్కన మన ఊళ్ళో నలభైమందిని వరుసలో నిలబెట్టినప్పుడు నేను దళంతో అడవిలో ఉన్నాను. ఎవరూ ఎవరినీ చూపించలేదంటారు. మరి మా తమ్ముడు అంజయ్య దళం మనిషని ఎక్కణ్ణుంచో వచ్చిన సిపాయికి ఎట్లా తెలిసింది? పక్కన నిలబడ్డ నిన్ను వదిలి వాణ్ణి పట్టుకుపోయారు. వాడు జైల్లోనే పోయాడు. పాతికేళ్ళుగా ఎన్ని పుస్తకాలు చదివినా ఈ ముడి విడలేదు. నువ్వే సైగ చేశావని రాస్తున్నాను. కాదంటే చెప్పు.

ఒకప్పటి నీ దోస్తు,
గురవయ్య


ప్రియమైన గురవన్నా,

సైగ జెయ్యలే. ఏసయ్య మీద ఒట్టు. గంతకంటె అడగకు. అంజయ్య పెండ్లాం బాలనర్సమ్మ ఇప్పటికే నా మొకం చూస్తలేదు. నా మనుమరాలు గడప తొక్కితే ఎల్లగొట్టింది. పుస్తకం అచ్చయితే ఊరంత గట్లనే జేస్తది. జర ఆలోచించు.

నీ ఏసోబు


కొల్లాపూర్, 20 ఫిబ్రవరి

ప్రియమైన అని రాయడానికి చేయి రావడం లేదు, ఏసోబూ.

ఒట్లు సాక్ష్యాలు కావు. నిజాం ఫౌజులో ఇద్దరం బాక్సింగ్ నేర్చుకున్నాం. కానీ దళంలో నేర్పే పని నాకిచ్చారు, నీకివ్వలేదు. అదీ నీ కడుపుమంట. ఎడమ కాలు ముందు, గడ్డం భుజం చాటున, ఎడమ చేయి చాచి ఎదుటివాణ్ణి దూరంగా ఆపాలి. అందరికీ అదే నేర్పాను. నువ్వేమన్నావు?

"అన్నా, నువ్వు తాటిచెట్టు లెక్కున్నవ్, చేతులు బారెడు. అంజయ్య పొట్టోడు, మెడే లేదు. వానికి గిది నప్పదు. మోకాళ్ళు వంచి, మోచేతులు తలకడ్డం పెట్టి ముడుసుకోనియ్యి."

"నువ్వు ముడుసుకో, తాబేలు లెక్క," అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు పగ తీర్చుకున్నావా? వచ్చే నెల అచ్చుకిస్తున్నాను.

గురవయ్య


ప్రియమైన గురవన్నా,

అడగకంటే ఇనకపోతివి. ఇగ ఇను. సిపాయి ఎవర్నీ అడగలే. లాఠీ ఎత్తి ఒక్కొక్కని మొకం మీదికి ఉత్తుత్తిగ ఇసిరిండు. అందరు తలమీద చేతులు పెట్టి కూలబడ్డరు. నేను నాకొచ్చినట్టు ముడుసుకున్న. నేర్చినోన్నో భయపడ్డోన్నో వానికేం తెలుస్తది? "డర్‌పోక్" అని, అంటె పిరికోడని, నవ్వి దాటిండు.

అంజయ్య ముంగట లాఠీ లేచింది. ఎడమ కాలు ముంగట పడ్డది. గడ్డం భుజం సాటుకు పోయింది. చెయ్యి బారుగ లేచింది. వాడు అనుకొని చెయ్యలే అన్నా, వాని ఒళ్ళే చేసింది. "వీడు నేర్చినోడు, పట్టుకోండి" అని సిపాయి ఉర్దూల ఒర్రిండు. లారీ ఎక్కుతుంటే అంజయ్య నాతోని ఒక్కటే అన్నడు: "అన్నకు చెప్పకు."

నీ ఏసోబు


కొల్లాపూర్, 7 మార్చి

ప్రియమైన ఏసోబూ,

నాలుగుసార్లు చదివాను. ఒకసారి సిపాయి మీద కోపం వస్తున్నది, ఒకసారి నీ మీద. నా మీద రావడానికి దారి వెతుకుతున్నాను, దొరకడం లేదు. వాడి ఒంటికి నప్పనిదైతే వాడికి రాకూడదు కదా? అంత బాగా ఎందుకు నేర్చుకున్నాడు?

బాలనర్సమ్మకు నీ పేరు చెప్పింది నేనే. ఆ మాట తప్పని చెప్పడానికి ఆదివారం వస్తున్నాను. ఆమె ముందు నాకు నోరు పెగలకపోతే నువ్వు చెప్పకు. పక్కన నిలబడు, చాలు.

గురవయ్య