ఎనిమిది నుంచి నాలుగు దాకా కాఫీ బంద్

అక్టోబర్ 7, సోమవారం. ఉదయం 7.40

ఇవాళ్టి నుంచి మా ఉన్ని మేజోళ్ళ కార్ఖానాలో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా కాఫీ బంద్! కార్ఖానా అంటే మా ముందుగది. పనివాళ్ళంటే నేనూ, పక్కింటి జుమ్రా. అయినా సరే, రూలు రూలే.

చిన్న చిన్న వ్యాపారాల్ని నిలబెడతామని బోస్నియాలోని మా వీసొకొ ఊరికి వచ్చిన విదేశీ ఏజెన్సీ వాళ్ళ సలహాదారు మారెన్ మొన్న శుక్రవారం గడియారం పట్టుకుని మా గదిలో ఓ మూల కూర్చుంది. డెన్మార్క్ పిల్ల, మహా మర్యాదస్తురాలు. ఎనిమిది గంటల్లో మూడున్నర గంటలు కాఫీకే పోతున్నాయని తేల్చింది. నాకు సిగ్గేసింది. జుమ్రా మాత్రం అంతేనా అంది.

నెలాఖరుకి నూట ఇరవై జతలు అల్లి చూపిస్తే అల్లిక మిషన్ ఇస్తారట. మిషన్! చలి మొదలైతే నా వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి. ఇంకో ఏడాది సూదులు పట్టగలనేమో, ఆపైన కార్ఖానా మూసుకోవడమే. అందుకే కాఫీ గిన్నె తీసి అటక మీద ఉన్ని మూటల వెనక దాచేశాను.

మధ్యాహ్నం 2.00. తలనొప్పి. ఫరవాలేదు. కొత్త జీవితం కదా, తలకీ అలవాటవ్వాలి.

అక్టోబర్ 8

ఐదు జతలు.

జుమ్రా పొద్దున్నించీ నోరు విప్పలేదు. అడిగితే, కాఫీ లేకుండా ఏం మాట్లాడాలో తోచట్లేదంది. 11.15కి దాని సంచిలోంచి ఫ్లాస్కు బయటపడింది. ఏంటే అది అంటే, బీపీ మందట. గదంతా ఆ బీపీ మందు ఘుమఘుమ. నేనూ ఓ గుక్క పుచ్చుకున్నాను. నాకు మాత్రం బీపీ ఉండకూడదా?

అక్టోబర్ 10

మారెన్ ఇచ్చిన పుస్తకంలో పద్నాలుగో పేజీ: పనివాళ్ళతో రోజూ మీటింగులు పెట్టుకోవడం చాలా మంచిది. ఎంత తెలివైన పుస్తకం! మీటింగులో ఏం తాగకూడదో ఎక్కడా రాయలేదు. గిన్నె అటక దిగింది.

9.00 మీటింగు. విషయం: మిషన్ ఎక్కడ పెట్టాలి.
11.30 మీటింగు. విషయం: అదే.
2.00 మీటింగు. విషయం: జుమ్రా ఆడపడుచు కొన్న కర్టెన్లు. చాలా లోతుగా చర్చించాం.

సాయంత్రానికి ఎనిమిది జతలు. ఇదేంటబ్బా అనుకుని మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిదే.

అక్టోబర్ 14

టైమంతా తినేది అసలు మీటింగులు కాదు, వచ్చేపోయే జనం. ఎవరు గుమ్మం దాటినా మూడు కాఫీలు పొయ్యాల్సిందే: రమ్మన్న కాఫీ, తర్వాత కబుర్ల కాఫీ, ఆఖర్న ఇక లేవండి బాబూ అనే సాగనంపు కాఫీ. మా ఇంట్లో ఈ మూడోది అరకప్పే, పక్కన చక్కెర బిళ్ళ ఉండదు. అది చేతికొస్తే ఎంత మొండివాళ్ళయినా లేచి చెప్పులు వెతుక్కుంటారు.

అయితే మొదటి రెండూ ఎందుకు? నేరుగా మూడోదే ఇచ్చేస్తే సరి! పోస్ట్‌మాన్ ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయాడు. మా వదిన నాలుగు నిమిషాల్లో. ఆవిడ మళ్ళీ ఫోన్ కూడా చెయ్యలేదు. ఎంత ప్రశాంతం!

అక్టోబర్ 21

కొంప మునిగింది.

ఉదయం 10.20కి తలుపు చప్పుడైంది. మడమ దగ్గర కుట్లు లెక్కపెట్టుకుంటూ తలెత్తకుండానే, అలవాటుగా వచ్చినాయన చేతిలో అరకప్పు పెట్టేశాను. చూద్దును కదా, రెఫిక్ గారు! సరాయెవోలో ఏజెన్సీ ఆఫీసు పెద్ద. మిషన్ కాగితం మీద సంతకం పెట్టే మనిషి. అరవై దాటినాయన, పాతకాలం మర్యాదలు. చక్కెర బిళ్ళ లేని పళ్ళెం కేసి చూశారు. నా కేసి చూశారు. నిలబడే తాగి, "అర్థమైందమ్మా" అని కప్పు కిటికీలో పెట్టి వెళ్ళిపోయారు.

జుమ్రా నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. నేను ఏడ్చాను. ఉత్తినే కాదు, నిజంగానే ఏడ్చాను.

అక్టోబర్ 22

7.10 బస్సుకి సరాయెవో. సంచిలో: కాఫీ గిన్నె, పొడి, చక్కెర బిళ్ళలు, కప్పులు, రెండు జతల మేజోళ్ళు (లంచం కాదు, నమూనా).

రెఫిక్ గారు కాగితాల్లోంచి తలెత్తలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తనని గుమ్మంలోనే సాగనంపిన ఇల్లు మాదొక్కటేనన్నారు. వాళ్ళమ్మ కూడా ఆ కాఫీ నేరుగా ఇచ్చింది ఒక్కడికేనట, ఆయన చెల్లెలి పెళ్ళిచూపులకి తాగొచ్చిన పెళ్ళికొడుక్కి. నేను వాళ్ళ స్టౌ మీద రమ్మన్న కాఫీ పెట్టాను. నిండుకప్పు, రెండు బిళ్ళలు. ఆయన కాగితాలు పక్కకి జరిపారు.

సరిగ్గా అప్పుడే మారెన్ లోపలికొచ్చింది. 11.05. నడిమధ్య పనివేళ! ఇక దాచేదేముందని ఉన్నదున్నట్టు చెప్పేశాను. "కాఫీ మానిన రోజు ఐదు జతలు, తాగిన రోజు ఎనిమిది. నోరాడితేనే మా చేతులాడతాయమ్మా. కబుర్లాగితే అల్లికా ఆగిపోతోంది."

మారెన్ నా వేళ్ళ కేసి చూసింది. ఆ రోజు గడియారమే చూశాను గానీ మీ చేతులు చూడలేదు అంది. తర్వాత తనకీ ఓ కప్పు ఉందా అని అడిగింది.

అక్టోబర్ 31. సాయంత్రం 3.50

నూట ఇరవై మూడు జతలు!! వారమంతా బతిమాలి మరీ జనాన్ని పిలిచాను. వచ్చినవాళ్ళందరికీ ఒక చేతికి కాఫీ, ఇంకో చేతికి సూదులు. వదిన నన్ను తిడుతూనే పదకొండు జతలు అల్లింది. పోస్ట్‌మాన్ ఒక మేజోడుకి వేళ్ళ దగ్గర కొస మాత్రం అల్లాడు. ఆయన వెళ్ళాక విప్పి మళ్ళీ అల్లాం.

నవంబర్ 4, సోమవారం. ఉదయం 7.30

మిషన్ వచ్చింది! నా మిషన్! రెఫిక్ గారు దానికి రిబ్బన్ కట్టి పంపారు. ఇంత చేసినవాళ్ళ దగ్గర నేనూ మాట నిలబెట్టుకోవాలి. ఎనిమిది నుంచి నాలుగు దాకా కాఫీ బంద్. ఇక ఆడాల్సింది మిషను, మా నోళ్ళు కాదు. ఈసారి ఖాయం.

8.00. మొదలెట్టాం. అబ్బో, ఏం వేగం! పావుగంటకో మేజోడు. నా వేళ్ళకి అస్సలు నొప్పి లేదు. ఈ సంతోషం ఎలా రాయాలో తెలియట్లేదు.

8.40. జుమ్రా ఏదో అంటోంది. మిషన్ గడగడలో ఒక్క ముక్కా వినబడట్లేదు. ఏంటే అని అరిచాను. అదీ అరిచింది. అదీ వినబడలేదు.

8.45. జుమ్రా లేచి ప్లగ్గు పీకేసింది. "ముప్పై ఏళ్ళుగా నీ మాటలు వింటూ అల్లుతున్నానే. ఇవాళ నీ నోరు కదులుతోంది, మాట రావట్లేదు. భయమేసింది."

8.50. గిన్నె పొయ్యి మీద పెట్టాను. రేపు ఎనిమిదింటి నుంచి, ఒట్టు, కాఫీ బంద్.