దిజ్లా ఒడ్డున చెలమ

అక్కుపల్లిలో ఉన్న మా నీలమ్మక్కకి, తమ్ముడు లోకయ్య ఇంత దూరం నుంచే నీ కాళ్ళకి దణ్ణం పెట్టి రాసుకునేది.

నువ్వు, చిట్టి, మీ అత్తగారు, ఆవూ దూడా అందరూ కులాసా అని తలుస్తున్నాను. ఇక్కడ బావా నేనూ క్షేమం. కిందటి ఉత్తరంలోనూ ఈ మాటే రాశాను గానీ, అప్పుడు రాసింది అబద్ధం అక్కా. ఇప్పటిది మాత్రం నిండు నిజం. మధ్యలో నువ్వు గుండెలు బాదుకోకుండా ముందే చెప్పేస్తున్నాను: బావ నా పక్కనే కూర్చుని రొట్టె నములుతున్నాడు. మూడోది. చదివి వినిపిస్తున్న మేష్టారికి నా నమస్కారాలు. ఆయన్ని కాస్త నెమ్మదిగా చదవమను, చెప్పాల్సింది చాలా ఉంది.

బస్రాలో ఓడ దిగాక పొగపడవలో ఆరు రోజులు ఏటికి ఎదురు వచ్చాం. ఈ ఏటిని ఇక్కడివాళ్ళు దిజ్లా అంటారు. మా పని కొత్తగా వేస్తున్న రైలుకట్టకి మట్టి మోయడం. పని సంగతి తర్వాత, ముందు మేముండే చోటు గురించి వినాలి నువ్వు! ఇదొక విడిది మైదానం. ఎవరి సొంతమూ కాదు, దారిన పోయే ఎవరైనా దిగొచ్చు. ఎన్నాళ్ళయినా ఉండొచ్చు, అడిగేవాడు లేడు. ఒక పక్క ఏరు, మూడు పక్కలా ఎడారి. చెట్టన్నది ఏటి ఒడ్డునే, అదీ ఖర్జూరం. కొబ్బరిచెట్టుకి దూరపు చుట్టంలా ఉంటుంది, ఎక్కబోతే మాత్రం ముళ్ళు. నేను ఎక్కబోయి దిగాను, ఎలా దిగానో అడక్కు.

మాకు గుడారం ఇచ్చారక్కా. గుడ్డ ఇల్లు! నాలుగు మేకులు పీకితే ఇల్లు చుట్టలా చుట్టి భుజాన వేసుకోవచ్చు. పొద్దున్నే లేచి చూస్తే నిన్నటి పొరుగువాళ్ళు ఉండరు, కొత్త పొరుగువాళ్ళు పొయ్యి రాజేస్తుంటారు. ఒంటెలవాళ్ళు, గొర్రెలవాళ్ళు, యాత్రకి పోయేవాళ్ళు, రోజూ ఒక సంతే. ఒంటె అంటే ఏమిటో చిట్టికి చెప్పు: మెడ కొంగది, మూపురం ఎద్దుది, మొహం మాత్రం అలిగి కూర్చున్న మీ అత్తగారిది. (మేష్టారూ, ఆవిడ అక్కడే ఉంటే ఈ ముక్క మింగెయ్యండి.) ఏట్లో గుండ్రటి బుట్టలకి తారులాంటి కీలు పూసి పడవల్లా నడుపుతారు. గొర్రెలతో సహా ఎక్కి బొంగరంలా తిరుగుతూ అవతలి ఒడ్డు చేరతారు. నేనూ ఎక్కాను. దిగాక కూడా కాసేపు భూమి తిరుగుతూనే ఉంది.

తిండికి రొట్టె, ఖర్జూరం, పెరుగు. అన్నం వారానికి రెండు పూటలు. పచ్చడి మీద బెంగ పెట్టుకున్నాం. ఎండ మన రోహిణికార్తెకి తాతలాంటిది. అయినా నాకు ఇక్కడ బాగుంది అక్కా, దాచడం దేనికి.

ఇక అబద్ధం సంగతి. వచ్చిన పదో రోజు నుంచే బావకి కడుపు చెడింది. ఏటికి ఎగువనున్నవాళ్ళు ఒంటెల్ని కడుగుతారు, గొర్రెల్ని కడుగుతారు, బట్టలు ఉతుకుతారు. కిందనున్న మేము అదే నీరు ముంచి తాగాం. ఏరు కదా, పారే నీటికి దోషమేమిటి అనుకున్నాం. మొదట విరేచనాలు, తర్వాత నెత్తురు. వారం తిరిగేసరికి మనిషి చాపకి అతుక్కుపోయాడు. కిందటి ఉత్తరం ఆ చాప పక్కనే కూర్చుని రాశాను. 'బావ కులాసా' అని రాసి గబగబా మడిచేశాను.

మా మేస్త్రీది టెక్కలి దగ్గరి ఊరే. మంచివాడే గానీ అతనికీ పైవాళ్ళున్నారు. ఒక పొద్దున వచ్చి బావని చూసి నన్ను బయటికి పిలిచాడు.

"నాలుగు రోజుల్లో పొగపడవ ఒత్తాది. అప్పటికి మనిసి నెగిసి నిలబడితే సరే. నేకపోతే బస్రా ఆసుపత్రికి ఎక్కించీడమే. నానేటి సెయ్యగల్ను?"

ఆ పడవ ఎక్కిన మావాళ్ళు ఇద్దరిలో ఒక్కడూ తిరిగి రాలేదు. తోడు వెళ్తానంటే కుదరదన్నాడు. లోపల పడుకున్న బావ అంతా విన్నాడు.

"ఒరే లోకయ్యా, నన్నా పడవెక్కించీకురా. ఎక్కడో తెలీని సోట ఒక్కడినీ ఎలాగ సచ్చిపోతాను? మీ అక్కకేటి సెప్తావు?"

పలాస టేసన్లో రైలెక్కేటప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకుని "ఆయన్ని నీకు అప్పజెప్తన్నాను, మళ్ళీ నువ్వే తెచ్చీయాల" అన్నావు గుర్తుందా? ఆ మాట నన్ను పట్టుకుని కూర్చుంది. ఆ ఏటి నీరు ఇంక బావ నోట పోయనని అనుకున్నాను. అప్పుడు తట్టింది: చెలమ! చిన్నప్పుడు నీ వెనకాల బిందె పట్టుకుని ఇసకలోకి వచ్చేవాణ్ణి కదా. నువ్వు చిప్పతో తవ్వడం, గుంట కూలకుండా అడుగు తీసిన గంప దింపడం, ఊరిన నీరు మూడుసార్లు తోడి పారబోయడం, నాలుగో ఊటే బిందెలో పోయడం. బావ వేళాకోళం ఆడేవాడు: "మూడుసార్లు పారబోత్తాది, సముద్రం నిండాలనేటో!"

పరుగెత్తుకెళ్ళి తవ్వాను. ఎక్కడ? మనకి అలవాటైన చోట, నీటికి దూరంగా, గట్టు మీద. సముద్రానికి ఎంత ఎడంగా తవ్వితే అంత తీపి అని నువ్వే కదా నేర్పావు. ఎండలో ఒంటిపూట తవ్వితే నిలువెత్తు గుంటలో నీరు పడింది. నోట్లో పోసుకుంటే ఉప్పు, వట్టి ఉప్పు. మేస్త్రీ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది అక్కా. ఒక రోజు పోయింది.

పక్క గుడారంలో ఒక గొర్రెలముసలమ్మ ఉంది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. పొద్దుట్నుంచీ నా తవ్వకం చూస్తూనే ఉంది. వచ్చి, నేల మీద పేరుకున్న తెల్లటి పొర గోటితో గీకి నా నాలిక మీద పెట్టింది. ఉప్పు! తర్వాత చెయ్యి ఏటి వైపు చూపించి, నా తల మీద మెత్తగా ఒకటి మొట్టింది. అప్పుడర్థమైంది. ఇక్కడ ఉప్పంతా నేలలోనే ఉంది. తీపి ఏటిలో ఉంది. మన లెక్క ఇక్కడ తిరగబడింది, నేను అక్కుపల్లి బుద్ధితో దిజ్లా ఒడ్డున తవ్వాను.

మర్నాడు ఒంటెల రేవుకి బాగా పైన, ఏటికి మూడంగల్లోనే ఇసకలో తవ్వాను. ఖర్జూరపాకు గంప అడుగు కోసి దింపాను. మొదటి ఊట బురద, రెండోది తెలుపు, మూడోది తేట. మూడూ పారబోశాను. నాలుగోది చూస్తే అడుగున ఇసకరేణువులు లెక్కపెట్టొచ్చు. రుచి చూసి గట్టిగా కేకేశాను, ఒంటెలు కూడా తలలు తిప్పాయి.

అవే నీళ్ళు కాచి చల్లార్చి పట్టాను. ముసలమ్మ దానిమ్మ తొక్క కషాయం, పలుచటి మజ్జిగ ఇచ్చింది. ఆ సాయంత్రానికి నెత్తురు తగ్గింది. మర్నాడు బావ గంజి అడిగాడు. నాలుగో రోజు పొగపడవ కూత వినిపించగానే గుడారం కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. మేస్త్రీ ఎగాదిగా చూసి, "సరే, ఉండు మరి" అని వెళ్ళిపోయాడు. పడవ బావ లేకుండానే పోయింది. అది మలుపు తిరిగేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం, తర్వాత ఒకరిని పట్టుకుని ఒకరం ఏడ్చాం.

ఇప్పుడు విడిదిలో అందరికీ ఆ చెలమే. మా జట్టువాళ్ళు, ఒంటెలవాళ్ళు, యాత్రికులు వరస కడతారు. మూడుసార్లు పారబోయకుండా ఎవరినీ ముంచనివ్వను. ఆ విషయంలో నీకంటే గయ్యాళినయ్యాను.

మనవాళ్ళెవరైనా వచ్చే జట్టులో ఉంటే కాస్త చింతపండు, ఎండుమిరపకాయలు పంపు. ఇంటెనక కొత్త కొబ్బరిమొక్కలకి నీళ్ళు మానకు. చిట్టికి నా ముద్దులు. మీ అత్తగారికి నా నమస్కారం, ఒంటె సంగతి వినకపోతే. పెద్దలందరినీ అడిగానని చెప్పు. మేం చల్లగా తిరిగి రావాలని నువ్వు తలుచుకుంటే చాలు, అదే మాకు దీవెన.

ఒక్క మాట మిగిలింది. నిన్న బావ చెలమ పక్కన కూర్చుని మూడుసార్లూ తానే తోడి పారబోశాడు. ఆఖరికి అన్నాడు: "ఇంటికెళ్ళాక మీ అక్క బిందె నానే మోస్తాను. చెలమకాడికి దాన్ని ఎల్లనీయను." వెంటనే సిగ్గుపడి, "ఆ మాట రాయకురా, మేష్టారు సదివితే ఈదంతా ఇంటాది" అన్నాడు. రాయనన్నాను. కిందటిసారి నీకు అబద్ధం రాశాను కాబట్టి ఈసారి నా మాట నమ్మవేమోనని, తాను బతికున్నట్టు గుర్తుగా దీపం మసితో వేలిముద్ర వేయమన్నాను. కింద ఉన్నది బావ బొటనవేలే. అంచున ఆ మచ్చ కొడవలికి తెగింది, నీకు తెలిసిందే. పైన ఏం రాశానో చదవలేడు కదా, నమ్మి వేశాడు.

కాగితం జాగ్రత్తగా దాచు అక్కా. బిందె విషయంలో రేపు మాట తప్పితే సాక్ష్యానికి పనికొస్తుంది. మేష్టారూ, ఈ ముక్క మాత్రం అరుగు మీదికొచ్చి రెండుసార్లు చదవండి.

నీ తమ్ముడు,
లోకయ్య